మా బూత్‌లో ఆ ఒక్క ఓటు

ఎన్నికల ఫలితాలొచ్చిన వారం పది రోజులకి మా దమ్మపేట సెంటర్లో టీ కొట్ల దగ్గర ఒక కాగితం తిరుగుతుంది. ఇప్పుడు కాగితం కూడా కాదు, వాట్సాప్‌లో పీడీఎఫ్. ఫారం 20 అంటారు దాన్ని. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు పడ్డాయో గళ్లు గీసి వరసగా ఉంటుంది. ఎన్నికల అధికారులే వెబ్‌సైట్లో పెడతారు, దాపరికం ఏమీ లేదు. సినిమా పాటల పుస్తకం చదివినట్టు చదువుతారు మావాళ్లు దాన్ని.

కొన్నేళ్ల కిందట సెలవుకి ఇంటికెళ్లినప్పుడు నేనూ ఆ బల్ల మీద కూర్చుని ఉన్నా. అడవి వైపు ఉన్న ఒక కోయ గూడెం బూత్ దగ్గర అందరి చూపూ ఆగింది. ఒక స్వతంత్ర అభ్యర్థి గడిలో '1' అని ఉంది. "ఎవడబ్బా ఈ ఒక్కడు?" అన్నాడొకాయన. పది నిమిషాల్లో తేల్చేశారు. ఇంటింటికీ పోయి అడిగినట్టే, ఎవరు ఎటో లెక్కేసి, మిగిలిన మనిషి పేరు చెప్పారు. ఆ మనిషి నిజంగా ఆ బటనే నొక్కాడో లేదో నాకు తెలీదు. చెప్పినవాళ్లకీ తెలీదు. కానీ ఆ సాయంత్రానికి ఆయన "ఆ ఒక్కడు" అయిపోయాడు. ఆయనకో పింఛను దరఖాస్తు నడుస్తోంది. పోడు పట్టా కాగితం ఎవరి చేతిలోనో ఉంది.

ఈవీఎంల మీద మన దగ్గర జరిగే గొడవంతా ఒక్కటే: మిషన్ ఓటు దొంగిలిస్తుందా, దొంగిలించదా? ఓడినవాళ్లు అవునంటారు, గెలిచినవాళ్లు కాదంటారు, అయిదేళ్ల తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఆ గొడవ సంగతి కూడా రాస్తాను. అయితే ఈ మిషన్‌కి మనం ఎంత ఇచ్చుకున్నాం, ఇంకెంత ఇచ్చుకోబోతున్నాం అన్న లెక్క నాకు ఆ టీ బల్ల దగ్గరే మొదలైంది.

* * *

మా నాన్న బడిపంతులు. అంటే ఎన్నికల ఉద్యోగి కూడా. పెట్టెల కాలంలోనూ డ్యూటీ చేశాడు, మిషన్ల కాలంలోనూ చేశాడు. బ్యాలెట్ పెట్టెని ఆయన కూతుర్ని అత్తారింటికి పంపినంత జాగ్రత్తగా తలుచుకుంటాడు. లోపల ఏమీ లేదని ఏజెంట్లకి తలకిందులు చేసి చూపించడం, పేపర్ సీలు బిగించడం, లక్క కరిగించి ముద్ర వేయడం. ప్రతి బ్యాలెట్ పేపరు వెనకా సంతకం పెట్టిపెట్టి వేళ్లు వంకర్లు పోయేవట. అడ్డంగా మడిస్తే ముద్ర సిరా పక్క గుర్తుకంటుకుని ఓటు చెల్లదని, నిలువుగా ఎలా మడవాలో ఒక్కొక్కరికీ చూపించాల్సి వచ్చేదట.

పెట్టెకి అంతకంటే పాత కథ ఉంది. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. ఓటరు తన కాగితం తీసుకెళ్లి తనకిష్టమైన పెట్టెలో వేసి రావడమే, ముద్ర వేసే పని లేదు. చదువు రానివాళ్లే ఎక్కువమంది ఉన్న దేశానికి సుకుమార్ సేన్ కమిషన్ ఆలోచించిన ఉపాయం అది. దానికోసం దేశవ్యాప్తంగా 20 లక్షలకి పైగా ఉక్కు పెట్టెలు చేయించారు, 8,200 టన్నుల ఉక్కు పట్టింది. బొంబాయిలో గోద్రెజ్ వాళ్లు చేసిన పెట్టె ఒక్కొక్కటి అయిదు రూపాయలు. చేసిన కంపెనీల్లో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా ఒకటి. తర్వాత ఫ్రిజ్‌లతో, వాచీలతో మనకి తెలిసిన ఆల్విన్. దమ్మపేట అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, గోదావరి వారనున్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో. ఒకే అడవి, రెండు రాష్ట్రాలు. రెండువైపులా ఉక్కు పెట్టెలే వచ్చాయి.

అభ్యర్థికో పెట్టె పద్ధతి 1960ల మొదట్లో పోయింది. ఒకే పేపరు, దాని మీద అందరి గుర్తులు, ముద్ర వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ఒక చిన్న నిబంధన ఈ కథకి ముఖ్యం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలో 59ఏ అని ఒకటుంది. ఏ నియోజకవర్గంలోనైనా ఓటర్లని బెదిరిస్తారనో, ఓటు వేశాక కక్ష సాధిస్తారనో ఎన్నికల సంఘానికి అనుమానం ఉంటే, అక్కడ బూత్‌ల పెట్టెల్లోంచి తీసిన కాగితాలన్నీ కలిపేసిన తర్వాతే లెక్కపెట్టాలి. నాన్న కౌంటింగ్ డ్యూటీలో చూశాడు దాన్ని. ముందు ఒక్కో పెట్టెలో కాగితాలు ఎన్నున్నాయో లెక్క చూసుకుని, కట్టలు కట్టి, పెద్ద డ్రమ్ములో పడేసి కలిపేసేవాళ్లు. ఆ తర్వాతే బల్లల మీదికొచ్చేవి. "పప్పులో ఉప్పు కలిసినట్టు కలిసిపోయేవిరా. ఏది ఏ ఊరిదో బ్రహ్మక్కూడా తెలవదు" అంటాడు.

ఆ డ్రమ్ము ఖరీదు ఎంతుంటుంది? తుక్కు కొట్లో దొరికే వస్తువు. కానీ మా మండలంలో నాలుగొందల ఓట్ల గూడేనికి అది గోడ, తడిక, తలుపు అన్నీనూ.

* * *

మిషన్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 1977లో ఎన్నికల సంఘానికి ఆలోచన వచ్చి, తయారుచేసి చూపించమని ఈసీఐఎల్‌ని అడిగింది. ఆ సంస్థని పెట్టింది అయ్యగారి సాంబశివరావు. ఈ పేరు చెబితే చాలామందికి తెలీదు గానీ ఏఎస్ రావు నగర్ అంటే అందరికీ తెలుసు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన మనిషి. 1967లో అణుశక్తి విభాగం కింద మొదలైన ఈసీఐఎల్‌లో టీవీలు, కంప్యూటర్లు చేసిన చేతులే ఓటు పెట్టె కూడా చేశాయి. 1979కల్లా నమూనా వచ్చింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల వాళ్లని పిలిచి చూపించారు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా జత కలిసింది. అక్కడ ఈ మిషన్ పనిలో ముఖ్యపాత్ర వహించిన ఇంజినీరు రంగరాజన్. తమిళ సాహిత్యం ఎరిగినవాళ్లకి ఆయన సుజాత. డిటెక్టివ్ నవలలు, సైన్స్ కథలు రాసిన చేయి ఓటు మిషన్ మీద కూడా పడిందంటే నాకెందుకో నవ్వొస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

మొదటి పరీక్ష 1982 మే 19న కేరళలోని పరవూరులో, 50 బూత్‌ల్లో. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచాడు. ఓడిన ఏ.సి. జోస్ కోర్టుకెళ్లాడు. చట్టంలో బ్యాలెట్ అంటే కాగితమే, మిషన్ అని ఎక్కడా లేదని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది. మిషన్ వాడిన చోట్ల కాగితంతో మళ్లీ పోలింగ్ పెడితే జోస్ గెలిచాడు. మిషన్ తప్పు లెక్క చూపిందని కోర్టు అనలేదు. చట్టం లేకుండా వాడకూడదని మాత్రమే అంది. అప్పుడు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చారు, 1989 మార్చి 15 నుంచి అమల్లోకొచ్చింది. ఆ వేడిలోనే 1989-90లో లక్షన్నర మిషన్లు కొన్నారు. ఒక్కో మిషన్, అంటే ఒక కంట్రోల్ యూనిట్, ఒక బ్యాలెట్ యూనిట్, ఒక బ్యాటరీ కలిపి 5,500 రూపాయలు.

కొని ఏం చేశారు? మూలన పెట్టారు. రాజకీయ ఏకాభిప్రాయం రాలేదు. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీల్లో కలిపి 16 అసెంబ్లీ స్థానాల్లో వాడేదాకా, దాదాపు పదేళ్లు గోడౌన్లలోనే ఉన్నాయి. ప్రజల డబ్బు సంగతి మాట్లాడితే ముందు ఈ పదేళ్ల నిద్ర గురించి మాట్లాడాలి. కానీ ఎవరూ మాట్లాడరు.

* * *

2004లో దేశమంతా 543 లోక్‌సభ స్థానాల్లో మిషన్లే. మా వైపు కూడా అప్పుడే. నాన్న శిక్షణకి వెళ్లి వచ్చి ఇంట్లో మాకు పాఠం చెప్పాడు: బ్యాలెట్ బటన్ నొక్కితే ఇక్కడ ఎర్ర లైటు, అక్కడ పచ్చ లైటు, ఓటరు నొక్కగానే గుర్తు పక్కన ఎర్ర లైటు, ఆ తర్వాత బీప్. అమ్మ విని, "అయితే సంతకాలు పెట్టే పని తప్పిందన్నమాట" అంది. నిజమే. ప్రిసైడింగ్ అధికారులుగా పనిచేసిన పంతుళ్లకి మిషన్ చేసిన మేలు ఇంతా అంతా కాదు.

మిషన్‌ని తిట్టే ముందు ఈ మేళ్లు ఒప్పుకోవాలి. చెల్లని ఓటు పోయింది. రెండు గుర్తుల మధ్య గీత మీద ముద్ర వేసినందుకు ఒక కూలి మనిషి ఓటు చెత్తలోకి పోయే రోజులు పోయాయి. రిగ్గింగ్ మాట కూడా అంతే. కాగితాల కట్ట లాక్కుని అరగంటలో గుద్దిపడేసే పని మిషన్ దగ్గర కుదరదు. నిమిషానికి నాలుగైదు ఓట్లు మించి తీసుకోదు. ప్రిసైడింగ్ అధికారి క్లోజ్ బటన్ నొక్కితే ఆగిపోతుంది. పైగా బ్యాటరీ మీద నడుస్తుంది. ఇది పట్నం పాఠకులకి చిన్న విషయం. మా దగ్గర కాదు. అశ్వారావుపేట దాటితే ఏలూరు జిల్లా, ఈ పక్క సత్తుపల్లి, ఆ పక్క ములకలపల్లి అడవి. రోడ్డు పొడుగునా పామాయిల్ తోటలు. వానాగాలీ వస్తే కరెంటుకి మొదట వచ్చే కష్టం మాదే.

2008 పునర్విభజనతో మా మండలం సత్తుపల్లి నుంచి విడిపోయి అశ్వారావుపేట ఎస్టీ నియోజకవర్గంలోకి వచ్చింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతమని 2018లోనూ 2023లోనూ మాతో కలిపి 13 నియోజకవర్గాల్లో సాయంత్రం నాలుగింటికే పోలింగ్ ముగించారు. ఆ గుర్తింపుతోనే 59ఏ నిబంధనని తలుచుకుంటే? భయం ఉందని గంట ముందే తలుపులు మూస్తారు సరే. భయం ఉన్నచోట ఓట్లు కలిపి లెక్కపెట్టాలన్న పాత జాగ్రత్త ఏమైంది?

అది మిషన్‌తోపాటే పోయింది. కంట్రోల్ యూనిట్‌లో రిజల్ట్ బటన్ నొక్కితే ఆ బూత్ లెక్క తెర మీద కనిపిస్తుంది. ఏజెంట్లు రాసుకుంటారు. ఫారం 20లో ఎక్కుతుంది. కలపడానికి డ్రమ్ము లేదు.

* * *

అలాగని ఎన్నికల సంఘానికి తట్టలేదనుకోవద్దు. 2008లోనే టోటలైజర్ అనే పరికరం ప్రతిపాదించింది. పద్నాలుగు బూత్‌ల కంట్రోల్ యూనిట్లని దానికి కలిపితే మొత్తం ఒక్కసారే చూపిస్తుంది, విడివిడిగా చూపించదు. నాన్న చెప్పిన డ్రమ్మే, వైర్లతో. 2015 మార్చిలో లా కమిషన్ 255వ నివేదికలో దీన్ని పెట్టమని సిఫారసు చేసింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఏ బూత్‌లో బలం ఉందో, ఎక్కడ పని చేయాలో తెలిస్తే పార్టీలకి మంచిదన్నది దానికి వ్యతిరేకంగా వచ్చిన వాదన. వాదన అబద్ధం కాదు. పార్టీలకి మంచిదే.

మా ఊళ్లో ఈ వాదన ఎలా వినపడుతుందో చెబుతాను. ఎన్నికల ముందు ఒక నాయకుడు గూడెంలో చెట్టు కింద మీటింగు పెట్టి ఇలా అన్నాడట. ఆయన పేరూ పార్టీ వద్దు, ఏ పార్టీ అయినా ఇదే మాట. "మీరు ఎవరికేశారో నాకు తెలవకపోవచ్చు అమ్మా. గూడెం ఎటేసిందో మాత్రం తెలుస్తది. రోడ్డు గూడేనికి వస్తది గానీ ఒక్కరింటికి రాదుగా." ఎంత మర్యాదగా చెప్పాడో చూడండి. కర్ర లేదు, కేక లేదు. బోరు, సిమెంటు రోడ్డు, ఇళ్ల మంజూరు అన్నీ ఊరి లెక్కన వచ్చే చోట ఊరి ఓటు బయటపడితే చాలు, మనిషి ఓటు బయటపడనక్కర్లేదు.

హైదరాబాద్‌లో అపార్టుమెంటు బూత్ లెక్క బయటపడితే ఎవరికీ ఏమీ కాదు. పక్క ఫ్లాట్ మనిషి పేరే తెలీదు, ఓటెవరికేశాడో ఎలా తెలుస్తుంది? అదే మిషన్, అదే లెక్క. పట్నంలో అంకె, పల్లెలో వేలు చూపించడం.

* * *

ఇక అనుమానం కథ. ఇది కూడా చాలావరకు తెలుగువాళ్ల కథే.

2010లో హైదరాబాద్‌కి చెందిన వేమూరి హరిప్రసాద్, అమెరికా నుంచి అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి రోప్ ఖోంగ్రైప్ కలిసి ఒక నిజమైన ఈవీఎంని విప్పి చూశారు. డిస్‌ప్లే బోర్డు మార్చి ఫోన్‌తో ఫలితం తారుమారు చేయొచ్చని, మిషన్ చేతికి చిక్కితే మెమొరీలో ఓట్లు మార్చొచ్చని చూపించారు. ఆ మిషన్ మీకెక్కడిదని ఆ ఆగస్టు 21న ముంబై పోలీసులు హైదరాబాద్ వచ్చి హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు. వారం తర్వాత బెయిలొచ్చింది. అదే ఏడు బీజేపీకి చెందిన జీవీఎల్ నరసింహారావు ఈవీఎంలని నమ్మలేమంటూ పుస్తకం రాస్తే అద్వానీ ముందుమాట రాశారు. అదే ఏడు తెలంగాణ ఉపఎన్నికల్లో మిషన్ మీద నమ్మకం లేక స్వతంత్రుల చేత కుప్పలుగా నామినేషన్లు వేయించారు. అప్పటి మిషన్ 64 పేర్లకి మించి మోయలేదు. కొన్ని చోట్ల పేర్లు దాటిపోయి కాగితమే పెట్టాల్సొచ్చింది. ఇంత చక్కటి తిరకాసు ఉద్యమంలోంచే పుడుతుంది.

ఎన్నికల సంఘం ఆ తిరకాసుని మర్చిపోలేదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు మద్దతు ధర కోసం పోటీకి దిగితే అభ్యర్థులు 185 మంది అయ్యారు. కాగితం పెడతారనుకున్నారు. పెట్టలేదు. కొత్త తరం ఎం3 మిషన్‌కి 24 బ్యాలెట్ యూనిట్లు తగిలించొచ్చు. నిజామాబాద్‌లో ప్రతి బూత్‌లోనూ 12 తగిలించారు. 1996లో నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్ల బాధితుల తరఫున 480 మంది నిలబడ్డప్పుడు బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఇరవై మూడేళ్ల తర్వాత నిజామాబాద్‌లో పుస్తకం గోడైంది. ఒకటి నీళ్ల గోడు, ఒకటి గిట్టుబాటు ధర గోడు. రెండిటికీ వ్యవస్థ ఇచ్చిన జవాబు మాత్రం ఏర్పాట్లే.

2019 ఏప్రిల్ 11న ఆంధ్రప్రదేశ్‌లో మిషన్లు మొరాయించి కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా ఓట్లు వేశారు. చంద్రబాబు నాయుడు ఢిల్లీ వెళ్లి కాగితం కావాలన్నారు. 2024లో ఆయన గెలిచారు, ఓడిన జగన్మోహన్ రెడ్డి కాగితం కావాలన్నారు. ఇక్కడ నేను ఎవరినీ వెక్కిరించడం లేదు. ఓడినవాడికి అనుమానం తీర్చుకునే దారి ఉండాలి. గెలిచినవాడికి ఎవరూ రుజువు చూపించనక్కర్లేదు. ఎన్నిక పద్ధతి మంచీ చెడూ తేలేది ఓడినవాడి దగ్గరే.

ఆ దారి ఖరీదే చూద్దాం. అనుమానం తీర్చడానికి వీవీప్యాట్ వచ్చింది. ఓటు వేయగానే అద్దం వెనక ఏడు సెకన్లు ఒక చీటీ కనిపించి, తెగి డబ్బాలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో మొదలైంది. దశలవారీగా అన్నిచోట్లా పెట్టమని సుప్రీంకోర్టు ఆ అక్టోబరులో చెప్పింది. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 16 లక్షల 15 వేల వీవీప్యాట్‌లకి 3,173 కోట్లు మంజూరు చేసింది. ఒక్కోటి ఇరవై వేలకి దగ్గర. అసలు మిషన్ ధర చూస్తే ఎం2 తరం 8,670 రూపాయలు, ఎం3 సుమారు 17,000. అంటే మిషన్‌ని నమ్మడానికి మిషన్ కంటే ఖరీదైన ఇంకో మిషన్ కొన్నాం. ఆ రెండో మిషన్ చేసే పని కాగితం ముక్క ఇవ్వడం. చుట్టూ తిరిగి అయిదు రూపాయల పెట్టె దగ్గరికే వచ్చాం, ఇరవై వేలు ఇచ్చి.

ఆ చీటీలన్నీ లెక్కపెడతారా? లేదు. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు తదితరులు వేసిన కేసులో సగం లెక్కించమని అడిగితే, అసెంబ్లీ సెగ్మెంటుకి ఒకటి ఉన్నదాన్ని సుప్రీంకోర్టు అయిదు చేసింది. తెలంగాణలో 119 సెగ్మెంట్లు. 595 బూత్‌ల చీటీలు లెక్కిస్తారన్నమాట, 35 వేల పైచిలుకు బూత్‌లకి. మిగతా చీటీలు పుట్టి, ఏడు సెకన్లు కనపడి, చీకట్లోకి పోతాయి. 2024 ఏప్రిల్ 26న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం కాగితానికి తిరిగి వెళ్లేది లేదని చెప్పింది. కానీ రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు అడిగితే సెగ్మెంటులో 5 శాతం మిషన్ల మెమొరీని పరీక్షించాలంది. ఖర్చు అడిగినవాళ్లదే, తప్పు తేలితే తిరిగిస్తారు. ఎన్నికల సంఘం పెట్టిన రేటు ఒక్కో మిషన్ సెట్‌కి 40,000, జీఎస్టీ కలిపితే 47,200. అనుమానానికి కూడా పద్దెనిమిది శాతం పన్నుందని అప్పుడే తెలిసింది నాకు.

* * *

మిషన్ ఆయుష్షు పదిహేనేళ్లు. మూడు లోక్‌సభ ఎన్నికలు, అంతే. ఉక్కు పెట్టె తుప్పు పట్టి పోయేదాకా ఉండేది. ఈవీఎం అలా కాదు, అది కొనుక్కున్న ఇల్లు కాదు, అద్దె ఇల్లు. పదిహేనేళ్లకోసారి అడ్వాన్సు మళ్లీ కట్టాలి.

జమిలి ఎన్నికలైతే ఆ అడ్వాన్సు ఎంతో ఎన్నికల సంఘం 2023లో న్యాయశాఖకి రాసింది. ఒక్కో బూత్‌లో రెండు సెట్లు పెట్టాలి కాబట్టి 46,75,100 బ్యాలెట్ యూనిట్లు, 33,63,300 కంట్రోల్ యూనిట్లు, 36,62,600 వీవీప్యాట్‌లు కావాలంది. అంచనా ధరలు వరసగా 7,900, 9,800, 16,000 రూపాయలు. నేను కూర్చుని హెచ్చవేస్తే అన్నీ కలిపి 12,800 కోట్లు దాటింది. ఉన్నవి పోను కొత్తగా కొనాల్సింది దాదాపు ఎనిమిది వేల కోట్లు. ఇందులో దాచే గోడౌన్లు, కాపలా, మోసే లారీలు, ప్రతిసారీ తనిఖీకి వచ్చే ఇంజినీర్లు లేరు. జమిలి కోసం 129వ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబరు 17న లోక్‌సభలోకొచ్చి, సంయుక్త సంఘానికి వెళ్లింది. ఒకేసారి ఎన్నికలు పెడితే డబ్బు మిగులుతుందంటారు. మిగలొచ్చు. కానీ మొదటి బిల్లు మాత్రం మిషన్లదే.

ఐర్లండ్ అనుభవం ఇక్కడ గుర్తుకొస్తుంది. వాళ్లు 5 కోట్ల యూరోలకి పైగా పెట్టి మిషన్లు కొని, 2002లో కొద్దిచోట్ల వాడి, నమ్మకం కుదరక గోడౌన్లో పెట్టి అద్దె కట్టీ కట్టీ, 2012లో దాదాపు 70 వేల యూరోలకి తుక్కు కింద అమ్మేశారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో చెప్పింది ఇంకా సూటిగా ఉంది: ఓటింగ్‌లో ముఖ్యమైన దశలని, లెక్కింపుని, నిపుణుల సాయం లేకుండా మామూలు పౌరుడు తనంతట తాను సరిచూసుకోగలగాలి. మామూలు పౌరుడు. ఆ మాట చదివినప్పుడు నాకు జర్మనీ గుర్తు రాలేదు. బ్యాలెట్ పెట్టె తలకిందులు చేసి చూపిస్తున్న నాన్న, ముందుకి వంగి లోపలికి చూస్తున్న ఏజెంటు గుర్తొచ్చారు.

మన భవిష్యత్తు ఎటుందో చూడాలంటే బెర్లిన్ దాకా వెళ్లనక్కర్లేదు, ఖమ్మం చాలు. 2021 అక్టోబరు 20న తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మం జిల్లాలో సెల్‌ఫోన్ ఓటింగ్‌కి ఉత్తుత్తి పోలింగ్ పెట్టింది. యాప్‌లో నమోదు చేసుకుని, ఆధార్‌తో పేరు సరిపోల్చుకుని, ముఖం చూపించి, ఓటు నొక్కడం. లోపల బ్లాక్‌చెయిన్. సీడ్యాక్ సాయం చేసింది. వికలాంగులకి, ముసలివాళ్లకి, రాలేనివాళ్లకి పనికొస్తుందన్నారు. మా దమ్మపేట 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది కాబట్టి మాకా పరీక్ష తప్పింది. అది అక్కడితో ఆగింది. బీహార్ మాత్రం 2025 జూన్ 28న పురపాలక ఎన్నికల్లో నిజంగానే ఫోన్‌లో ఓట్లు వేయించింది. ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పక్కన ఎవరుంటారు? గూడెంలో ఒక ఫోన్ చుట్టూ నలుగురు కూర్చుంటారు. పోలింగ్ బూత్‌లో అట్టపెట్టె ముక్కతో కట్టిన ఆ మరుగు ఖరీదు అప్పుడు తెలుస్తుంది.

* * *

కాగితానికి తిరిగెళ్లిపోదాం అని నేనంటానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. అనలేను. కాగితం మా ఊరు వదిలి వెళ్లనే లేదు. పంచాయతీ ఎన్నికలు ఇప్పటికీ కాగితంతోనే. సర్పంచికి గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్లది. పొద్దున ఏడింటికి మొదలెట్టి ఒంటిగంటకి ఆపి, రెండింటి నుంచి అక్కడే లెక్కపెడతారు. వంద ఓట్ల వార్డులో కాగితమైనా అద్దమే. ఎవరు ఎటు వేశారో సాయంత్రానికి వీధికి తెలుసు. కాబట్టి కాగితం పవిత్రం, ప్లాస్టిక్ పాపం అని రాయడం నాకు చేతకాదు. మరుగు ఇచ్చింది కాగితం కాదు. పది ఊళ్ల ఓట్లని కలిపేసిన డ్రమ్ము.

మొన్న నాన్నని అడిగాను, ఎన్నో ఏళ్లు డ్యూటీ చేశావు కదా, ఏది మేలంటావని. చాలాసేపు పలకలేదు. తర్వాత పాత సంగతొకటి చెప్పాడు. మిషన్లొచ్చిన కొత్తలో ఒక గూడెం బూత్‌లో ముసలమ్మ ఓటు వేసి, బీప్ మోగగానే ఉలిక్కిపడి, బయటికొచ్చి నెమ్మదిగా అడిగిందట: "సారూ, అది అరిచింది. నేను ఎవరికేసిందీ చెప్పేసిందా?"

"లేదమ్మా, పడిందని చెప్పింది అంతే" అన్నాడట నాన్న. ఆమె నమ్మి వెళ్లిపోయింది.

ఆ మాట ఇప్పుడైతే అంత ధైర్యంగా అనగలవా అని అడిగాను. నాన్న నా ఫోన్ తీసుకుని ఫారం 20 తెరిచి, కళ్లజోడు పైకెత్తి, ఆ గూడెం వరస కోసం వెతకడం మొదలుపెట్టాడు.